డెంప్‌స్టర్ హైవేపై వాన రోజు: ఒంటరిగా మోటారుసైకిల్‌పై వెళ్లేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

కెనడా వాయవ్య మూలన, యూకాన్ నుంచి ఆర్కిటిక్ తీరం వైపు సాగే డెంప్‌స్టర్ హైవే మీద ఒంటరిగా మోటారుసైకిల్ నడపాలనుకునే తెలుగువారు అడిగే ప్రశ్నల్లో చాలా భాగం వాన గురించే ఉంటాయి. ఆ భయం సహేతుకమైనదే. పొడిగా ఉన్నంతసేపు ఆ రోడ్డు ఓపిక ఉన్నవారందరినీ దాటనిస్తుంది. తడిసిన తరువాత మాత్రం ఎప్పుడు కదలాలి, ఎక్కడ ఆగాలి అన్న నిర్ణయాలకే బండి కన్నా, నడిపే నైపుణ్యం కన్నా ఎక్కువ విలువ వస్తుంది. కింది సమాధానాలు ముఖ్యంగా ఆ నిర్ణయాలను ఉద్దేశించినవి.

డెంప్‌స్టర్ హైవే ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది?

యూకాన్‌లోని డాసన్ నగరానికి తూర్పున సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, క్లోండైక్ హైవే నుంచి ఈ రోడ్డు చీలుతుంది. అక్కడి నుంచి టూంబ్‌స్టోన్, ఓగిల్వీ, రిచర్డ్‌సన్ పర్వతాలను దాటుకుంటూ, 405వ కిలోమీటరు దగ్గర ఆర్కిటిక్ వృత్తాన్ని, 465వ కిలోమీటరు దగ్గర వాయవ్య భూభాగాల (నార్త్‌వెస్ట్ టెరిటరీస్) సరిహద్దును దాటి, దాదాపు 740 కిలోమీటర్ల తరువాత ఇనూవిక్ పట్టణం చేరుతుంది. మొదట్లో కొద్ది దూరం, చివర ఇనూవిక్ విమానాశ్రయం దగ్గరి కొద్ది దూరం తారు ఉంటుంది. మిగిలినదంతా కంకర, మట్టి, పలకరాయి ముక్కలు. నిర్మాణం 1959లో మొదలై, మధ్యలో ఏళ్ల తరబడి ఆగి, చివరకు 1979 ఆగస్టు 18న రోడ్డు తెరుచుకుంది.

అక్కడ వర్షపాతమే తక్కువ కదా, అలాంటప్పుడు వాన అంత పెద్ద సమస్య ఎందుకవుతుంది?

ఇది చాలా మంచి ప్రశ్న. ఇనూవిక్‌లో వానా మంచూ కలిపి ఏడాది మొత్తానికి సుమారు 250 మిల్లీమీటర్లు కురుస్తుంది. మన రాష్ట్రాల్లో కరువు సీమగా పేరుపడిన అనంతపురంలో కురిసే దానిలో ఇది సగం కూడా లేదు. అయినా అక్కడి చిన్న వాన కూడా రోడ్డును పాడుచేయడానికి కారణాలు నేలలోనూ రోడ్డు కట్టిన తీరులోనూ ఉన్నాయి.

మొదటి కారణం భూమి లోపల ఎప్పటికీ కరగకుండా ఉండే గడ్డకట్టిన పొర. నీరు ఆ పొరను దాటి కిందికి ఇంకదు. వేసవిలో కరిగేది పైపొర మాత్రమే కాబట్టి కురిసిన నీరంతా అక్కడే నిలిచిపోతుంది. అడుగున ఉన్న మంచు కరిగితే రోడ్డే కుంగిపోతుంది గనుక, దానికి వేడి తగలకుండా ఉండేందుకు మీటరు నుంచి రెండు మీటర్లకు పైగా ఎత్తున కంకర కట్టను పోసి, దాని మీద రోడ్డు వేశారు. అందువల్ల రోడ్డుకు రెండు వైపులా ఏటవాలు గట్టు ఉంటుంది, దాని కింద తడి నేల ఉంటుంది, పక్కకు తప్పుకోవడానికి మాత్రం చోటు ఉండదు.

రెండో కారణం రోడ్డు మీద చల్లే కాల్షియం క్లోరైడ్. దుమ్ము లేవకుండా, ఉపరితలం గట్టిపడేలా ఈ లవణాన్ని కలుపుతారు. ఇది గాలిలోని తేమను పీల్చుకుని మట్టిని పట్టి ఉంచుతుంది కాబట్టి పొడి రోజుల్లో రోడ్డు తారు రోడ్డుకు దీటుగా ఉంటుంది. అదే పొర మీద గంటల తరబడి వాన కురిస్తే పైన సన్నని జారుడు పూత ఏర్పడుతుంది. బంకమట్టి పాలు ఎక్కువగా ఉన్న చోట్ల పరిస్థితి ఇంకా కష్టం. తొలకరికి నల్లరేగడి చేలో బండి నడిపినవారికి ఆ పట్టు ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

ఎంత వాన అయితే బయలుదేరవచ్చు, ఎంత అయితే ఆగాలి?

జల్లు పడినంత మాత్రాన ఆగనవసరం లేదు. అరగంట చినుకులు దుమ్మును అణచి, పొడిగా ఉన్నప్పటి కన్నా చూపు స్పష్టంగా ఉండేలా చేస్తాయి, కాబట్టి అలాంటి వానలో చాలామంది హాయిగా నడుపుతారు. పరిశీలించవలసింది వాన ఎంత జోరుగా ఉందన్నది కాదు, ఎంతసేపుగా కురుస్తోందన్నది. రాత్రంతా కురిసి ఉదయానికీ ఆగకపోతే ఆ పూట కదలకపోవడమే మేలని నా అభిప్రాయం. ఈ రోడ్డుకు ఒక మంచి గుణం ఉంది. వాన ఆగి, గాలి వీచి, రెండు మూడు లారీలు దాని మీదుగా నడిచాయంటే కొన్ని గంటల్లోనే మళ్లీ గట్టిపడుతుంది. ఉదయం ఎనిమిదికి నిలబడలేనంతగా జారిన చోటే సాయంత్రం ఆరుకు నిశ్చింతగా సాగిపోవచ్చు. జూన్, జూలై నెలల్లో అక్కడ రాత్రి చీకటి పడదు గనుక సాయంత్రం ఆరుకు బయలుదేరినా వెలుతురు కరువు కాదు. ఈ ఒక్క వెసులుబాటును గుర్తుంచుకుంటే తొందర చాలావరకు తగ్గుతుంది.

బయలుదేరే ముందు యూకాన్ ప్రభుత్వం నిర్వహించే 511 రోడ్డు సమాచార సేవను తప్పక చూడండి. సరిహద్దు దాటిన తరువాతి భాగానికి వాయవ్య భూభాగాల ప్రభుత్వ రోడ్డు సమాచారాన్ని విడిగా చూడాలి. ఈ రెండింటి కన్నా తాజా సమాచారం మీకు ఎదురుగా వచ్చి, పెట్రోలు దగ్గర ఆగిన లారీ డ్రైవరు దగ్గర దొరుకుతుంది. అడిగితే ఏ కిలోమీటరు నుంచి ఏ కిలోమీటరు వరకు బురద ఉందో లెక్కగా చెబుతారు.

మధ్య దారిలో వాన పట్టుకుంటే ఎక్కడ ఆగవచ్చు?

ఈ ప్రశ్నకు సమాధానం ప్రయాణానికి ముందే కంఠతా ఉండాలి, ఎందుకంటే ఆగదగిన చోట్లు చాలా తక్కువ. 71వ కిలోమీటరు దాటగానే టూంబ్‌స్టోన్ టెరిటోరియల్ పార్కు సమాచార కేంద్రం, దాని పక్కనే క్యాంపుగ్రౌండు ఉన్నాయి. 194వ కిలోమీటరు ప్రాంతంలో ఇంజనీర్ క్రీక్ క్యాంపుగ్రౌండు, ఆ దగ్గరలోనే ఓగిల్వీ రోడ్డు నిర్వహణ సిబ్బంది శిబిరం ఉన్నాయి. 369వ కిలోమీటరు దగ్గర ఈగిల్ ప్లెయిన్స్‌లో హోటల్, పెట్రోలు, భోజనం, టైర్ల మరమ్మతు ఒకే చోట దొరుకుతాయి. 446వ కిలోమీటరు దగ్గర రాక్ రివర్ క్యాంపుగ్రౌండు ఉంది. పీల్ నది దాటిన తరువాత 550వ కిలోమీటరు దగ్గర ఫోర్ట్ మెక్‌ఫర్సన్ గ్రామం వస్తుంది. క్యాంపుగ్రౌండ్లు తెరిచి ఉన్నాయో లేదో బయలుదేరే ముందే తెలుసుకోవాలి.

యూకాన్ ప్రభుత్వ క్యాంపుగ్రౌండ్లలో సాధారణంగా పైకప్పు ఉన్న వంట పాక, లోపల కట్టెల పొయ్యి, పేర్చి ఉంచిన కట్టెలు ఉంటాయి. వాన రోజున ఆ పాక ఎంత విలువైనదో లోపల అడుగు పెట్టినప్పుడే అర్థమవుతుంది. పొయ్యి చుట్టూ తాళ్లు కట్టి ఉంటాయి, వాటి మీద ఎవరివో మేజోళ్లు, చేతి తొడుగులు ఆవిరి కక్కుతూ ఆరుతుంటాయి. మీకు ముఖపరిచయం కూడా లేని మనిషి పక్కకు జరిగి, మీ తొడుగులకు తాడు మీద చోటిస్తాడు. ఒంటరిగా వెళ్లేవారు ఇలాంటి చోట సంకోచించకుండా మాటలు కలపాలి. మరుసటి రోజు మీరు ఎటు వెళ్తున్నారో నలుగురికి తెలిసి ఉండడం మీ క్షేమానికే మంచిది.

ఒక చోటి నుంచి తరువాతి చోటికి చాలావరకు వంద కిలోమీటర్లకు పైగా దూరం ఉంటుంది కాబట్టి, ఆకాశం మూసుకొస్తున్నప్పుడు మీరు ఇంజనీర్ క్రీక్ దగ్గర ఉంటే ఈగిల్ ప్లెయిన్స్ వరకు ఉన్న 175 కిలోమీటర్లను ఆ వానలో నడపగలరా అని అక్కడే నిలబడి ఆలోచించుకోవాలి. దాటిపోయిన తరువాత ఆలోచించి లాభం లేదు.

ఏయే భాగాలు తడిసినప్పుడు ఎక్కువగా జారుతాయి?

ఓగిల్వీ నదిని వదిలి గట్టు ఎక్కినప్పటి నుంచి ఈగిల్ ప్లెయిన్స్ వరకు రోడ్డు కొండల శిఖరాల వెంబడి సాగుతుంది. అక్కడ పలకరాయి పొడి, మట్టి కలిసి ఉంటాయి కాబట్టి తడిస్తే పట్టు తగ్గుతుంది, పైగా గాలిని ఆపే చెట్టూ గుట్టా ఏదీ ఉండదు. సరిహద్దు దాటి పీల్ నదికి దిగే భాగం కూడా నెమ్మదిగా వెళ్లవలసినదే. ఆర్కిటిక్ వృత్తం దాటాక రిచర్డ్‌సన్ పర్వతాల పాదాల వెంట వీచే ఈదురుగాలికి పెద్ద లారీలు కూడా బోల్తా పడిన సందర్భాలున్నాయి. వాన, అడ్డగాలి కలిసి వచ్చిన రోజున అక్కడ మోటారుసైకిల్‌కు పని లేదు.

తడి బురదలో బండిని ఎలా నడపాలి?

రోడ్డు పొడవునా ముందు వెళ్లిన లారీల చక్రాలు రెండు జాడలను నొక్కి గట్టిపరచి ఉంటాయి. వాటిలో ఒకదానిని ఎంచుకుని, వీలైనంత వరకు దానిలోనే సాగండి. జాడ మారవలసి వస్తే మధ్యనున్న మెత్తని గట్టును ఏటవాలుగా దాటకుండా, వేగం బాగా తగ్గించి, కాస్త నిటారు కోణంలో దాటండి. యాక్సిలరేటర్ ఒకే తీరుగా ఉండాలి. ఒక్కసారిగా తిప్పినా, ఒక్కసారిగా వదిలినా వెనుక చక్రం పక్కకు జారుతుంది. ముందు బ్రేకును రెండు వేళ్లతో మృదువుగా మాత్రమే వాడి, వేగం తగ్గించడానికి గేరు మీద ఆధారపడడం మంచిది.

చూపు ముందు చక్రం మీద ఉండకూడదు. బురదను చూస్తూ నడిపేవారు బురదలోకే వెళ్తారు కాబట్టి, యాభై అరవై మీటర్ల అవతల మీరు చేరాలనుకుంటున్న చోటు మీద చూపు నిలపండి. ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడి, మోకాళ్లతో ట్యాంకును కొద్దిగా ఒత్తి పట్టుకుంటే కింద బండి ఊగినా పైన మీ శరీరం నిలకడగా ఉంటుంది. హ్యాండిల్‌ను బిగించి పట్టుకోవద్దు. ముందు చక్రం అటూ ఇటూ కొట్టుకుంటున్నా, వేగం ఉన్నంతవరకు అది తనంతట తానే దారికి వస్తుంది. చేతులు బిగించి దాన్ని ఆపాలని చూసినప్పుడే ఎక్కువమంది పడతారు.

రోడ్డును చదును చేసే గ్రేడరు యంత్రం అప్పుడే దున్ని వెళ్లిన చోటు కనిపిస్తే ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. అది రోడ్డు మధ్యలో వదిలిన వదులు కంకర కట్ట వానలో తడిస్తే చీలమండ లోతున చక్రం దిగబడుతుంది.

లారీ ఎదురు వస్తే ఏం చేయాలి?

వేగం తగ్గించి, గట్టు అంచు మెత్తగా లేని చోట కుడి పక్కకు తప్పుకుని, వీలైతే ఆగిపోండి. ఇనూవిక్ ప్రజలకు ఆహారం, ఇంధనం, ఇతర సరుకులు మోసుకెళ్లే ఆ లారీలు బురద మీద అకస్మాత్తుగా ఆగలేవు. అవి దాటేటప్పుడు బురద ఒక్క పెట్టున మీద పడి హెల్మెట్ అద్దం మూసుకుపోతుంది. కాబట్టి ఎడమ చేతి తొడుగు వేలికి తుడిచే రబ్బరు ముక్క అమర్చుకోవడమో, తడి గుడ్డను చేతికందేలా పెట్టుకోవడమో అవసరం. ఆరిన బురదను పొడి గుడ్డతో రుద్దితే అద్దం మీద గీతలు పడతాయి.

ఎలాంటి బండి, ఎలాంటి టైర్లు కావాలి? పెట్రోలు సరిపోతుందా?

బండి తక్కువ బరువుతో ఉండడం అన్నిటికన్నా ముఖ్యం. కవాసకి కేఎల్ఆర్ 650, సుజుకి వీ-స్ట్రామ్, బీఎండబ్ల్యూ జీఎస్ తరహా బండ్లు ఈ దారిలో తరచుగా కనిపిస్తాయి. మనవారికి పరిచయమైన రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ కూడా ఈ పనికి తగినదే. టైర్లకు గుబ్బలు ఉండాలి, సగం రోడ్డుకు, సగం మట్టికి పనికొచ్చే రకం చాలు. నున్నని టైర్లతో వాన రోజున ఈ రోడ్డెక్కడం ప్రమాదకరం. గాలి మామూలు కన్నా నాలుగైదు పి.ఎస్.ఐ. తగ్గిస్తే పట్టు పెరుగుతుంది, కానీ పలకరాయి అంచులు కత్తుల్లా ఉంటాయి కాబట్టి అంతకు మించి తగ్గించవద్దు. పంక్చరు సామగ్రి, చిన్న గాలి పంపు లేకుండా బయలుదేరకూడదు.

హైవే మొదలు నుంచి ఈగిల్ ప్లెయిన్స్ వరకు 369 కిలోమీటర్ల మేర పెట్రోలు లేదు. డాసన్‌లో నింపుకుంటే ఆ దూరం 400 కిలోమీటర్లు దాటుతుంది. బురదలో తక్కువ గేర్లలో నడిపినప్పుడు మైలేజీ పడిపోతుంది గనుక, లెక్కకు సరిగ్గా సరిపోయే ట్యాంకు ఉన్నా ఐదు లీటర్ల డబ్బా అదనంగా మోయండి. ఈగిల్ ప్లెయిన్స్ నుంచి ఫోర్ట్ మెక్‌ఫర్సన్ 181 కిలోమీటర్లు, ఆపై ఇనూవిక్ దాదాపు 190 కిలోమీటర్లు.

బురద వల్ల బండికి ఏమేం జరుగుతుంది?

ముందు చక్రానికి, దాని మీది మడ్‌గార్డుకు మధ్య ఉండే సందును ముందుగా చూడండి. ఆ సందు రెండు వేళ్ల వెడల్పు కూడా లేని బండ్లలో కంకర కలిసిన బంకమట్టి చక్రంతో పాటు పైకి లేచి అక్కడ పొరలు పొరలుగా పేరుకుంటుంది. మొదట టైరు రాసుకుంటున్న చప్పుడు వస్తుంది, తరువాత హ్యాండిల్ బరువెక్కుతుంది, చివరకు చక్రం తిరగడం మానేసి, నేల మీద ఈడ్చుకుపోతుంది. చప్పుడు వినిపించిన వెంటనే ఆగి, టైరు లీవరుతోనో, గట్టి కర్రతోనో ఆ మట్టిని పెళ్లగించాలి. ప్రయాణానికి ముందే మడ్‌గార్డును పైకి జరపగలిగితే, లేదా ఎత్తుగా అమర్చేదానితో మార్చగలిగితే ఈ బెడద ఉండదు.

రెండోది రేడియేటరు. లవణం కలిసిన బురద దాని రెక్కల మధ్య దూరి, ఇంజను వేడికి ఎండి సిమెంటులా గట్టిపడుతుంది. అప్పుడు చలిలో కూడా ఇంజను వేడెక్కిపోతుంది. ఆగిన ప్రతిచోటా మెత్తని బ్రష్షుతో, సీసాలోని నీటితో రెక్కలను కడగండి. బురద తడిగా ఉన్నప్పుడే కడగాలి. చైనుకు రోజూ నూనె పెట్టాలి, ఎందుకంటే వాన దాన్ని పూర్తిగా కడిగేస్తుంది, ఆపై ఇసుక చేరి దాన్ని అరగదీస్తుంది.

తడి, చలి నుంచి శరీరాన్ని కాపాడుకోవడం ఎలా?

నా దృష్టిలో ఈ జాబితాలో అతి ముఖ్యమైన ప్రశ్న ఇదే, ఎందుకంటే బురదలో పడితే బండి దెబ్బతింటుంది, చలిని తేలిగ్గా తీసుకుంటే మనిషే దెబ్బతింటాడు. జూలైలో కూడా వాన రోజున కొండల మీద 5 డిగ్రీల సెల్సియస్ అసాధారణం కాదు, కనుమల్లో ఏ నెలలోనైనా మంచు పడవచ్చు. కెనడాలో వాడే గాలి చలి సూత్రం ప్రకారం 5 డిగ్రీల దగ్గర గంటకు 60 కిలోమీటర్ల గాలి తగిలితే చర్మానికి దాదాపు మైనస్ 2 డిగ్రీల చలి తెలుస్తుంది. ఇది పొడి చర్మానికి వేసిన లెక్క. బట్టలు తడిస్తే శరీరం వేడిని ఇంకా త్వరగా కోల్పోతుంది.

ఒంటికి తగిలే బట్ట నూలుది కాకూడదు. నూలు తడిస్తే ఆరదు, వెచ్చదనం ఇవ్వదు. మెరినో ఉన్ని గాని, సింథటిక్ బట్ట గాని ఒంటి మీద, దానిపై ఉన్ని లేదా ఫ్లీస్ పొర, దానిపై రైడింగ్ జాకెట్, అన్నిటికీ పైన వాన దుస్తులు వేసుకోవాలి. వాన మొదలైన తరువాత కాక, మబ్బు కమ్మినప్పుడే ఆ పైపొర వేసుకోండి. హ్యాండిల్ గ్రిప్పులకు కరెంటు వేడి ఉంటే సుఖం. లేకపోతే తొడుగుల మీద వేసుకునేంత పెద్ద రబ్బరు తొడుగులు కూడా గాలినీ నీటినీ బాగానే ఆపుతాయి. ఒక జత ఉన్ని బట్టలు, మేజోళ్లు నీరు చొరని సంచిలో కట్టి, ఏ పరిస్థితిలోనూ బండి నడిపేటప్పుడు వాటిని ముట్టకుండా, డేరాలో పడుకునే సమయానికి దాచుకోవాలి.

శరీరం చల్లబడుతున్న సూచనలను ఒంటరివారు తమకు తామే కనిపెట్టుకోవాలి. వణుకు ఆగకపోవడం, క్లచ్చి వదలడానికి వేళ్లు మొరాయించడం, అప్పుడే చూసిన కిలోమీటరు పలక మీది అంకె గుర్తు రాకపోవడం, హెల్మెట్ బకిలు విప్పలేకపోవడం, ఇవన్నీ ఆగమని చెప్పే గుర్తులే. ఒళ్లు వేడెక్కకుండానే వణుకు ఆగిపోయి మగత కమ్మితే అది ప్రాణాపాయం. వెంటనే గాలి తగలని చోట ఆగి, తడి బట్టలు విప్పి, పొడి బట్టలతో నిద్ర సంచిలో దూరి, తీపి కలిపిన వేడి పానీయం తాగాలి. మద్యం ముట్టకూడదు. అది చర్మం వైపు రక్తాన్ని మళ్లించి లోపలి వేడిని ఇంకా తగ్గిస్తుంది.

ఒంటరిగా ఉన్నప్పుడు బండి పడిపోతే ఎలా లేపాలి?

ముందు ఇంజను ఆపి, ఒక నిమిషం ఊపిరి తీసుకుని, ఒంటికి దెబ్బ తగిలిందేమో చూసుకోండి. తరువాత సామాను సంచులన్నీ విప్పి పక్కన పెట్టండి. ఈ ఓపిక లేక నడుము పట్టేయించుకునేవారు ఎక్కువ. బండి కుడి వైపుకు పడి ఉంటే సైడ్ స్టాండు ముందే తెరిచి, గేరులో వేసి, సీటుకు వీపు ఆనించి కూర్చున్నట్టు వంగి, ఒక చేత్తో హ్యాండిల్‌ను, మరో చేత్తో వెనుక చట్రాన్ని పట్టుకుని, నడుముతో కాక కాళ్ల బలంతో వెనక్కి చిన్న అడుగులు వేస్తూ లేపాలి. బూట్ల కింద బురద జారుతుంటే ముందు కంకర పోసుకోండి. రెండు ప్రయత్నాలలో లేవకపోతే బలం వృథా చేసుకోకుండా వేచి ఉండండి. వేసవిలో ఆ దారిలో ఏదో ఒక వాహనం వస్తుంది, వచ్చినవారు ఆగకుండా వెళ్లరు. అక్కడ అది అలిఖిత నియమం, మీరూ దాన్ని పాటించాలి.

ఫోను పనిచేస్తుందా? ఇంటికి సమాచారం ఎలా పంపాలి?

డాసన్ వదిలిన తరువాత ఫోర్ట్ మెక్‌ఫర్సన్ వరకు మొబైల్ సిగ్నలు మీద ఆశ పెట్టుకోవద్దు. కొత్త ఐఫోన్లలో ఉపగ్రహం ద్వారా అత్యవసర సందేశం పంపే సౌకర్యం ఉందని కొందరు ధీమాగా ఉంటారు, కానీ 62 డిగ్రీల అక్షాంశానికి పైన అది పనిచేయకపోవచ్చని ఆ సంస్థే చెబుతోంది. డాసన్ నగరమే 64 డిగ్రీల దగ్గర ఉంది. ధ్రువాల వరకు పనిచేసే ఇరిడియం ఉపగ్రహాలను వాడే గార్మిన్ ఇన్‌రీచ్ వంటి పరికరం ఒంటరి ప్రయాణికులకు తప్పనిసరి. దాన్ని సామాను సంచిలో కాక ఒంటి మీద ఉంచుకోండి, మీరూ బండీ వేర్వేరు చోట్ల పడే అవకాశం ఉంది.

ఇంట్లో వారితో ముందుగానే ఒక ఒప్పందం చేసుకోవాలి. వాన వస్తే ఒక రోజంతా కదలకపోవచ్చని, సందేశం ఆలస్యమైతే ఎంతసేపు ఆగి ఎవరికి చెప్పాలో వారికి తెలిసి ఉండాలి. అమ్మానాన్నలు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటే సమయం తేడా కూడా రాసి ఇవ్వండి. యూకాన్ కన్నా మనం పన్నెండున్నర గంటలు ముందుంటాం. సరిహద్దు దాటి వాయవ్య భూభాగాల్లోకి వెళ్లగానే వేసవిలో గడియారం ఒక గంట ముందుకు జరుగుతుంది కాబట్టి ఆ తేడా పదకొండున్నర గంటలవుతుంది. ఈ చిన్న విషయం చెప్పకపోతే వారికి ఒక రాత్రి నిద్ర ఉండదు.

వాన రోజున ఫెర్రీలు నడుస్తాయా?

పీల్ నది మీద ఒకటి, మెకంజీ నది మీద త్సీగేచిక్ దగ్గర మరొకటి, మొత్తం రెండు పంట్లు ఉచితంగా దాటిస్తాయి. సుమారు జూన్ మొదట్లో మంచు కొట్టుకుపోయిన తరువాత మొదలై, శరత్కాలంలో నది గడ్డకట్టే వరకు నడుస్తాయి. మామూలు వానకు అవి ఆగవు. ఎగువ పర్వతాల్లో భారీగా కురిసినప్పుడు మాత్రం పీల్ నది ఒక్కసారిగా పెరిగి, దుంగలు కొట్టుకొచ్చి, సర్వీసు నిలిపివేయవలసి వస్తుంది. అప్పుడు మీ నెత్తిన వాన లేకపోయినా ఆగక తప్పదు.

రేవు దగ్గర కాంక్రీటు ఉండదు. నీటి మట్టానికి తగ్గట్టు యంత్రంతో సరిచేసే మట్టి కంకర దారే ఉంటుంది. వానలో అది మెత్తబడుతుంది. కాబట్టి ముందు పెద్ద వాహనాలను వెళ్లనిచ్చి, అవి తొక్కిన జాడలో మొదటి గేరులో దిగండి. ఇనుప తలుపు మీదికి ఎక్కేటప్పుడు చక్రం నిటారుగా ఉండాలి, ఎందుకంటే తడి ఇనుము మీద హ్యాండిల్ తిప్పితే క్షణంలో పడిపోతారు. లోపల సిబ్బంది చూపిన చోట ఆపి, దాటినంతసేపూ బండిని పట్టుకుని నిలబడండి.

ఎలుగుబంట్ల భయం ఉందా? ఆహారం ఎలా పెట్టుకోవాలి?

గ్రిజ్లీ, నల్ల ఎలుగుబంట్లు రెండూ ఆ ప్రాంతంలో ఉన్నాయి. వాన, గాలి చప్పుడులో మీరు వస్తున్నట్టు వాటికి వినిపించదు కాబట్టి పొదల్లోకి వెళ్లేటప్పుడు గట్టిగా మాట్లాడుతూ వెళ్లండి, ఎలుగుబంటి స్ప్రేను నడుముకు కట్టుకోండి. వాన పడుతోందని డేరా లోపల వంట చేయడం, తినడం ఎంతమాత్రం తగదు. అటుకులు, ఉప్మా రవ్వ, పులిహోర పొడి తేలికగా ఉండి బాగా పనికొస్తాయి. ఆవకాయ మీద ప్రేమ ఉంటే చిన్న సీసాలో గట్టిగా మూత బిగించి తెచ్చుకోండి గాని, దాన్నీ, టూత్‌పేస్టుతో సహా వాసన వచ్చే ప్రతి వస్తువునూ క్యాంపుగ్రౌండులోని ఇనుప పెట్టెలోనే ఉంచాలి.

వెనక్కి తిరగాలని ఎప్పుడు నిర్ణయించుకోవాలి?

ఈ హైవే పేరు వెనుక ఉన్న కథే దీనికి సమాధానం ఇస్తుంది. 1910 డిసెంబరులో ఇన్‌స్పెక్టర్ ఫ్రాన్సిస్ ఫిట్జ్‌జెరాల్డ్ నాయకత్వంలో నలుగురు ఫోర్ట్ మెక్‌ఫర్సన్ నుంచి కుక్కల బండ్లపై డాసన్‌కు బయలుదేరారు. వేగంగా చేరాలని తిండి తక్కువగా తీసుకున్నారు, దారిలో తోడుగా వచ్చిన గ్విచిన్ జాతి మార్గదర్శిని తిరిగి పంపేశారు. ఎక్కవలసిన వాగును కనుక్కోలేక రోజుల తరబడి వెతికి, ఆలస్యంగా వెనక్కి తిరిగారు. నలుగురూ తిరుగు దారిలో చనిపోయారు. 1911 మార్చిలో వారి మృతదేహాలను కనుగొన్న అధికారి జాక్ డెంప్‌స్టర్ పేరే ఈ రోడ్డుకు పెట్టారు. వారి సమాధులు ఫోర్ట్ మెక్‌ఫర్సన్ చర్చి ఆవరణలో ఉన్నాయి. వాళ్లకు ధైర్యం తక్కువై కాదు, తిరగవలసిన చోటు దాటిపోయే వరకు తిరగలేదు.

మోటారుసైకిల్ మీద నేను పాటించే కొలత ఇది: తరువాతి ఆగే చోటికి చేరేందుకు కావలసిన పెట్రోలు, ఒంట్లో వేడి, ఏకాగ్రత, ఈ మూడింటిలో ఏ ఒక్కటి సందేహమైనా వెనుక ఉన్న ఆగే చోటికే తిరగాలి. గంటకు ఇరవై కిలోమీటర్లకు మించి నడపలేకపోతున్నానంటే ఆ సందేహం వచ్చినట్టే లెక్క. సెలవులు అయిపోతున్నాయన్నది ముందుకు వెళ్లడానికి కారణం కాకూడదు. ప్రణాళికలో కనీసం రెండు ఖాళీ రోజులు ఉంచుకున్నవారికి ఈ నిర్ణయం తేలికవుతుంది.

భారతదేశం నుంచి వచ్చి, అద్దె బండి మీద వెళ్లవచ్చా?

అద్దె ఒప్పందాన్ని పూర్తిగా చదవండి, ఎందుకంటే చాలా సంస్థలు కంకర రోడ్లను, కొన్ని ప్రత్యేకంగా ఈ హైవేను అనుమతించవు. అనుమతి లేకుండా వెళ్తే బీమా వర్తించదు, బండిని అక్కడి నుంచి మోసుకురావడానికి అయ్యే ఖర్చు మీదే అవుతుంది. మోటారుసైకిల్‌కు చెల్లే లైసెన్సుతో పాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తెచ్చుకోవడం మంచిది. కుడి వైపు నడపడం అలవాటయ్యే వరకు తారు రోడ్డు మీద కొన్ని రోజులు తిరిగిన తరువాతే ఈ దారి పట్టండి.

వాన రోజున ఆగిపోతే చూడడానికి ఏమైనా ఉంటుందా?

చాలా ఉంటుంది. ఇంజనీర్ క్రీక్ వాగులో ఖనిజాల వల్ల రాళ్లు తుప్పు రంగులోకి మారి ఉంటాయి, తడిసినప్పుడు ఆ ఎరుపు ఇంకా చిక్కనవుతుంది. టూంబ్‌స్టోన్ కేంద్రంలో పొయ్యి దగ్గర కూర్చుని అక్కడి మొక్కలు, జంతువులు, త్రోండెక్ హ్వెచిన్ ప్రజల గురించి తెలుసుకోవచ్చు. ఈ రోడ్డు గీసిన దారిలో కొంత భాగాన్ని సర్వే బృందాలకు చూపించినది ఆ జాతి పెద్ద జో హెన్రీ. ఈగిల్ ప్లెయిన్స్ హోటల్ గోడల మీద ఆ ప్రాంతపు పాత ఫోటోలు ఉంటాయి. 1932 ఫిబ్రవరిలో దగ్గరలోని ఈగిల్ నది మీద పోలీసుల వేటలో మరణించిన ఆల్బర్ట్ జాన్సన్ ఉదంతం కూడా అక్కడే తెలుస్తుంది. టండ్రా మీద మోకాలి ఎత్తు కూడా లేని విల్లో పొదల మధ్య నడిస్తే అడుగుల కింద నాచు నీటిని పిండుతూ కుంగుతుంది, లాబ్రడార్ టీ ఆకు నలిగి ఘాటైన వాసన వస్తుంది. బండి మీద వెళ్లిపోయేవారికి ఇవేవీ దక్కవు.

ఏ నెల అనుకూలం?

జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మొదటి వారం వరకు. జూలైలో వానలు, దోమలు రెండూ ఎక్కువే. ఆగస్టు చివర దోమలు తగ్గి టండ్రా ఎర్రబడుతుంది, చలి మాత్రం పెరుగుతుంది.

ఇనూవిక్ చేరిన తరువాత ముందుగా ఏం చేయాలి?

గది చూసుకున్న వెంటనే బండిని కడగాలి. కాల్షియం క్లోరైడ్ ఆరిన కొద్దీ లోహాన్ని తింటుంది, ముఖ్యంగా వైరింగ్ కనెక్టర్లు, బ్రేకు కాలిపర్లు, స్పోకులు. మంచినీళ్లు ఎక్కువగా వాడి రెండుసార్లు కడిగి, చైనుకు నూనె పెట్టి, బ్రేకు ప్యాడ్లు ఎంత అరిగాయో చూడండి. తడి ఇసుకలో నడిచిన తరువాత అవి ఊహించిన దానికన్నా పలచబడి ఉంటాయి. ఆపై టక్టోయాక్‌టక్ వరకు వెళ్లి ఆర్కిటిక్ సముద్రాన్ని చూడాలనుకుంటే 2017 నవంబరు 15న తెరిచిన రోడ్డు సుమారు 138 కిలోమీటర్లు ఉంటుంది. అది మొత్తం కంకరే, దారిలో ఎక్కడా పెట్రోలు లేదు, వానకు డెంప్‌స్టర్ కన్నా త్వరగా మెత్తబడుతుంది. అందుకని ఇనూవిక్‌లో రెండు పొడి రోజుల వాతావరణ సూచన చూసుకుని, తిరుగు ప్రయాణానికి మళ్లీ ఇదే 740 కిలోమీటర్లు నడపవలసి ఉందని లెక్కలో ఉంచుకుని బయలుదేరండి.